‘మస్ట్’కు భూతకాలం లేదు
గడచిన దినాల విధిని, అవసరాన్ని ఆంగ్లంలో చెప్పవలసి వచ్చినప్పుడు మన తెలుగే మనకు దారి చూపగలదు

ఒక కార్యాలయంలో గిడ్డంగి తాళంచెవి కనబడకుండా పోయిందని అనుకుందాం. విచారణ మొదలయింది. గిడ్డంగి గుమాస్తా తన సంజాయిషీని ఆంగ్లంలో వ్రాసి ఇవ్వాలి. ఆ సాయంకాలం అతడు అత్యవసరంగా ఊరికి బయలుదేరుతూ తాళంచెవిని కావలివానికి అప్పగించాడు. “ఇవ్వవలసి వచ్చింది” అన్నది అతని మనస్సులోని మాట. కాని పాఠశాలలో నేర్చిన ‘షుడ్’ చప్పున గుర్తుకు వచ్చి, “ఐ షుడ్ హ్యావ్ గివెన్ ది కీ టు ది వాచ్‌మన్” అని వ్రాశాడు.

ఈ వాక్యాన్ని చదివిన అధికారికి అర్థమయ్యేదేమి? “నేను తాళంచెవిని ఇచ్చి ఉండవలసింది, ఇవ్వలేదు” అని. అంటే పాపం, ఆ గుమాస్తా చేయని తప్పును తన చేతివ్రాతతో తానే ఒప్పుకున్నాడు. పోనీ, ‘షుడ్’కు బదులు ‘మస్ట్’ వాడి, “ఐ మస్ట్ హ్యావ్ గివెన్” అని ఉంటే? “ఇచ్చే ఉంటాను, సరిగా జ్ఞాపకం లేదు” అన్న అర్థం వచ్చేది. అది అనుమానానికి తావిచ్చే మాట. “ఐ హ్యాడ్ టు గివ్” అన్నప్పుడు మాత్రమే అతడు చెప్పదలచినది పలికేది: అవసరం కలిగింది, ఇచ్చాను.

మూడు వాక్యాలలోనూ క్రియ ఒక్కటే. మారినవి పక్కనున్న చిన్న చిన్న సహాయక క్రియలు మాత్రమే. కాని మొదటిది నేరాంగీకారం, రెండవది ఊహ, మూడవది సాక్ష్యం. ఉద్యోగపు దరఖాస్తులలో, కోర్టు వాంగ్మూలాలలో, బీమా కంపెనీలకు వ్రాసే ఉత్తరాలలో, వైద్యుని ముందు చెప్పుకునే రోగచరిత్రలో ఈ భేదం ఎంత బరువు తూగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంత ముఖ్యమైన విషయంలో మనవారు తరచుగా ఎందుకు తడబడతారు? మూలకారణం ఒక్కటే. ‘మస్ట్’ అనే ఆంగ్లక్రియకు భూతకాలరూపం లేదు.

ఒక పదం పోగొట్టుకున్న గతం

‘గో’కు ‘వెంట్’ ఉన్నది. ‘కెన్’కు ‘కుడ్’ ఉన్నది. ‘మస్ట్’కు అటువంటి తోడు లేదు. విచిత్రమేమిటంటే, ‘మస్ట్’ పుట్టుకతో భూతకాలపు పదమే. ప్రాచీన ఆంగ్లంలో ‘మోటన్’ అనే క్రియ ఒకటి ఉండేది. ‘అనుమతి ఉండు, అవకాశం కలుగు’ అని దాని అర్థం. దాని భూతకాలరూపం ‘మోస్టె’. కాలక్రమాన అసలు క్రియ వాడుక నుండి తొలగిపోయింది. భూతకాలరూపం మాత్రం మిగిలి, వర్తమానంలోకి జరిగి, ‘అనుమతి’ అన్న అర్థాన్ని వదలి ‘తప్పనిసరి’ అన్న అర్థాన్ని సంతరించుకున్నది. వర్తమానానికి వలస వచ్చిన ఆ పదానికి తిరిగి గతంలోకి పోయే దారి మూసుకుపోయింది.

అందువల్ల గడచిన కాలపు ఆవశ్యకతను చెప్పడానికి ఆంగ్లేయులు ఇతర క్రియల సహాయం తీసుకున్నారు. ‘హ్యాడ్ టు’ ఒకటి, ‘షుడ్ హ్యావ్’ మరొకటి, ‘ఆట్ టు హ్యావ్’ ఇంకొకటి. ‘వాజ్ టు హ్యావ్’, ‘నీడ్‌నాట్ హ్యావ్’ వంటివి మరికొన్ని. ‘మస్ట్ హ్యావ్’ అనే రూపం కూడా ఉన్నది గాని, అది విధిని చెప్పే పనిని వదలి ఊహను చెప్పే పనిని చేపట్టింది. మన విద్యార్థి చిక్కులో పడేది ఇక్కడే. ‘మస్ట్’ అంటే ‘చేయాలి’ కనుక ‘మస్ట్ హ్యావ్’ అంటే ‘చేయవలసి వచ్చింది’ అయి ఉంటుందని అతడు భావిస్తాడు. అది తర్కానికి సరిపోతుంది గాని వాడుకకు సరిపోదు.

ఈ భేదాలను సూత్రాలుగా వల్లించడం కంటె ఒక మనిషి కథలో పెట్టి చూస్తే చిరకాలం గుర్తుంటాయి. అందుకు తగిన కథ ఒకటి మన పొరుగున ఉన్న పుదుచ్చేరిలోనే జరిగింది. ఆ మనిషి నడచిన నేల, నగరానికి దక్షిణంగా ఉన్న అరియాంకుప్పం, మరొక విధంగా కూడా మనకు పాఠం చెప్పగలదు.

శుక్రుని కోసం వచ్చిన బాటసారి

గియోమ్ ల జాంతి ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు. 1761 జూన్ 6వ తేదీన శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కవలె సాగిపోతుందని శాస్త్రజ్ఞులు ముందే లెక్కకట్టారు. భూమి మీద వేర్వేరు చోట్ల నుండి ఆ దృశ్యాన్ని పరిశీలించి కాలాన్ని కొలిస్తే సూర్యుడు మనకు ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుంది. ఆ పరిశీలనకై ఫ్రెంచి అకాడెమీ ఆయనను పాండిచ్చేరికి పంపింది. 1760 మార్చిలో ఆయన ఫ్రాన్సు తీరం విడిచాడు.

ఇక్కడ మన మొదటి ప్రయోగం. “హి వాజ్ టు హ్యావ్ అబ్జర్వ్‌డ్ ది ట్రాన్సిట్ ఎట్ పాండిచ్చేరి.” పాండిచ్చేరిలో పరిశీలించాలన్నది ఏర్పాటు, కాని అది జరగలేదు. ‘వాజ్ టు’ అని మాత్రమే అంటే ఏర్పాటు తెలుస్తుంది, ఫలితం తెలియదు. దాని వెనుక ‘హ్యావ్’ చేరగానే ఆ ఏర్పాటు భంగమైనదని ధ్వనిస్తుంది. తెలుగులో “పరిశీలించవలసి ఉండెను” అన్నదానికీ, “పరిశీలించవలసింది, కాని...” అని సగంలో ఆగిపోయే మాటకూ ఉన్న తేడా ఇదే.

ఏర్పాటు ఎందుకు భంగమైంది? ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి యుద్ధం నడుస్తున్న కాలమది. 1761 జనవరిలో పాండిచ్చేరి ఆంగ్లేయుల వశమయింది. ఆయన ఎక్కిన ఓడ మలబారు తీరాన్ని సమీపించిన తరువాతనే ఆ వార్త తెలిసింది. ఓడ వెనుదిరిగి మారిషస్ దారి పట్టింది. జూన్ 6న ఆకాశం నిర్మలంగానే ఉన్నది. కాని ఆయన నడిసముద్రంలో ఉన్నాడు. ఊగిసలాడే ఓడ మీద గడియారమూ దూరదర్శినీ స్థిరంగా నిలిచేవి కావు. శాస్త్రానికి పనికివచ్చే కొలతలు తీయడం సాధ్యం కాలేదు.

“హి హ్యాడ్ టు టర్న్ బ్యాక్.” ఆయన వెనుదిరగవలసి వచ్చింది. ఇది రెండవ ప్రయోగం. ఇందులో రెండు సంగతులు ఒకేసారి ఉన్నవి: బయటినుండి వచ్చిపడిన నిర్బంధం ఒకటి, ఆ నిర్బంధం వల్ల పని జరిగిపోవడం మరొకటి. తెలుగులో ‘వలసి’ పక్కన ‘వచ్చింది’ అన్న క్రియను చూడండి. అవసరం ఎక్కడినుంచో నడచి వచ్చి మన ముందు నిలిచినట్లు ఉంటుంది. ‘హ్యాడ్ టు’కు ఇంతకంటె చక్కని సమానార్థకం మరొకటి లేదు.

శుక్రసంక్రమణాలు ఎనిమిదేళ్ల ఎడంతో జంటగా వస్తాయి. ఆ జంట దాటిపోతే మళ్లీ నూరేళ్లకు పైగా ఎదురుచూడాలి. 1769 తరువాతిది 1874లో గాని రాలేదు. కనుక ల జాంతి ఇంటికి తిరిగిపోలేదు. రెండవ అవకాశం కోసం హిందూమహాసముద్ర ప్రాంతంలోనే ఉండిపోయాడు. మారిషస్, మడగాస్కర్‌లలో కొన్నాళ్లు గడిపి, 1766లో ఫిలిప్పీన్స్‌లోని మనీలా చేరాడు. పరిశీలనకు ఆ చోటు అనుకూలమని ఆయన నమ్మకం. కాని అక్కడి స్పానిష్ గవర్నరు ఆయనను అనుమానించాడు. అకాడెమీ కూడా పాండిచ్చేరియే మేలని భావించింది. 1763లో జరిగిన పారిస్ సంధి ఫలితంగా పాండిచ్చేరి మళ్లీ ఫ్రెంచివారి చేతికి వచ్చి ఉన్నది. 1768 మార్చిలో ఆయన పాండిచ్చేరిలో దిగాడు.

ఇప్పుడు దిగడానికి ఆంగ్లేయుల అనుమతితో పని లేదు. “హి డిడ్ నాట్ నీడ్ టు ఆస్క్ ది ఇంగ్లిష్.” అడగవలసిన అవసరం లేకపోయింది. అవసరం లేదు, సాధారణంగా ఆ పనీ జరగలేదు. చిత్రమేమంటే, ఒకనాటి ఆ శత్రువులే మద్రాసు నుండి ఆయనకు ఒక మంచి దూరదర్శినిని పంపి సహకరించారు.

ఆయన పరిశీలనశాల కట్టించుకున్నాడు. పరికరాలు సరిచూసుకున్నాడు. 1769 జూన్ 4వ తేదీ ఉదయం కోసం ఎదురుచూశాడు. అంతకు ముందు రోజుల్లో వేకువలు నిర్మలంగా ఉండేవి. కావలసిన ఆ ఒక్క ఉదయం మబ్బు కమ్ముకున్నది. శుక్రుడు సూర్యుని దాటిపోయిన తరువాత మబ్బు విడిపోయింది. ఆ దినాన మనీలాలో ఆకాశం తేటగా ఉన్నది!

మూడవ, నాల్గవ ప్రయోగాలకు ఇంతకంటె విషాదకరమైన ఉదాహరణ దొరకదు. “హి నీడ్‌నాట్ హ్యావ్ లెఫ్ట్ మనీలా.” మనీలా విడిచి రాకపోయినా సరిపోయేది. అంటే విడిచివచ్చాడు, ఆ శ్రమ అంతా వృథా. “హి షుడ్ హ్యావ్ స్టేడ్ ఇన్ మనీలా.” మనీలాలోనే ఉండిపోవలసింది. అంటే ఉండలేదు.

‘డిడ్ నాట్ నీడ్ టు’, ‘నీడ్‌నాట్ హ్యావ్’ అన్న జంటలో ఎంత దూరమున్నదో గమనించండి. మొదటిదానిలో అవసరం లేదు కనుక పని మానుకున్నాము. రెండవదానిలో అవసరం లేదని పని చేసిన తరువాత గాని తెలియలేదు. మొదటిది తేలికపడిన మనస్సు, రెండవది నిట్టూర్పు. వండనక్కర లేకపోయిన రోజూ, వండిన తరువాత చుట్టాలు రాని రోజూ ఒక్కటి కావు కదా!

బ్రతికి ఉన్న మృతుడు

కథ ఇంకా ముగియలేదు. ల జాంతి జబ్బుపడ్డాడు, తుఫానులలో చిక్కుకున్నాడు. ఆయన ఇంటికి వ్రాసిన ఉత్తరాలు చేరలేదు. 1771 అక్టోబరులో, బయలుదేరిన పదకొండున్నర సంవత్సరాలకు, ఆయన ఫ్రాన్సులో అడుగుపెట్టేసరికి ఆయన మరణించాడన్న మాట వ్యాపించి ఉన్నది. అకాడెమీలో ఆయన స్థానం మరొకరికి పోయింది. ఆస్తి కోసం వారసులు తొందరపడుతున్నారు.

“హి మస్ట్ హ్యావ్ డైడ్.” చనిపోయి ఉండాలి. ఇన్నేళ్లుగా ఉత్తరం లేదు, ఓడలు మునుగుతున్నవి, రోగాలు ప్రబలుతున్నవి, కనుక చనిపోయి ఉండాలి. ఇది ఊహ. ఊహకు ఆధారాలు ఉండవచ్చు. కాని ఊహ ఊహయే. ఆయనవారు ‘చనిపోయి ఉండాలి’ అన్నదానిని ‘చనిపోయాడు’ అన్నదానిగా మార్చుకున్నారు. దాని ఫలితంగా సజీవుడైన మనిషి తన ఆస్తికోసం న్యాయస్థానానికి ఎక్కవలసి వచ్చింది. తరువాత అకాడెమీలో మళ్లీ చోటు సంపాదించుకుని, తన యాత్రను గూర్చి రెండు సంపుటాల గ్రంథాన్ని 1779, 1781 సంవత్సరాలలో ప్రకటించి, 1792 వరకు జీవించాడు.

ఇన్ని ప్రయోగాలలోనూ విద్యార్థిని ఎక్కువగా మోసగించేది ‘మస్ట్ హ్యావ్’. అందులో విధి లేదు, నిర్బంధం లేదు. ఉన్నదల్లా వక్త చేసిన అనుమితి. పొగను చూసి నిప్పు ఉన్నదని చెప్పే తర్కం అది. పొగ నిజంగా పొగయేనా, పొగమంచా అన్న ప్రశ్న అందులో ఎప్పుడూ మిగిలే ఉంటుంది. దీనికి సాక్ష్యం చెప్పడానికి అరియాంకుప్పం సిద్ధంగా ఉన్నది.

అరియాంకుప్పం పెంకులు చెప్పిన పాఠం

పుదుచ్చేరి నగరానికి దక్షిణాన సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు అనే దిబ్బ ఉన్నది. ఆ పరిసరాలలో పాత కట్టడాల శిథిలాలు ఉన్నవని గ్రంథస్థం చేసిన తొలి ఐరోపావాసి మన ల జాంతియే. శుక్రుడు దక్కకపోయినా ఆయన కన్ను ఊరక ఉండలేదు. 1937లో జూవో దుబ్రెయ్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడ దొరికిన పూసలు, రత్నాలు సేకరించాడు. వాటిలో ఒకదానిపై రోమను చక్రవర్తి ఆగస్టస్ ముఖం ఉన్నదని గుర్తించాడు.

1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక పగిలిన కూజా పెంకును చూశాడు. అది మధ్యధరా ప్రాంతంలో ద్రాక్షసారా నింపే కూజా ముక్క. అది అరికమేడులో దొరికినదని తెలియగానే ఆయన దృష్టి అటు మళ్లింది. పాండిచ్చేరి అప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్నది. 1954 నవంబరు 1న గాని భారతదేశానికి అప్పగింపబడలేదు. కనుక వీలర్ ఫ్రెంచి అధికారుల సహకారం పొందవలసి వచ్చింది. ఇది ‘హ్యాడ్ టు’. 1945లో త్రవ్వకాలు జరిగినవి.

త్రవ్వకాలలో ఎర్రని నున్నటి మెరుగుగల పళ్లెపు ముక్కలు దొరికినవి. కొన్నింటిపై ఇటలీ కుమ్మరుల ముద్రలు కూడా ఉన్నవి. అటువంటి పాత్రలు ఇటలీలో ఏ కాలంలో తయారయ్యేవో అంతకు ముందే తెలుసు. కనుక వీలర్ తర్కం ఇట్లు సాగింది: ఈ పాత్రలు క్రీస్తుశకం మొదటి శతాబ్దపు తొలి భాగానివి, ఇవి ఉన్న మట్టిపొర కూడా ఆ కాలానిదే అయి ఉండాలి, ఆ పొరలో వీటి పక్కన దొరికిన దేశీయ పాత్రలూ ఆ కాలానివే అయి ఉండాలి. దక్షిణభారత చరిత్రలో తేదీ తెలియని ఎన్నో స్థలాలకు కాలనిర్ణయం చేసే తాళంచెవి ఇట్లు లభించింది. ఇదంతా ‘మస్ట్ హ్యావ్’ మీద కట్టిన భవనం. దానిలో పెద్ద భాగం ఈనాటికీ చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

కాని అందులో ఒక గది కూలిపోయింది. అరికమేడులో మరొకరకం పళ్లెపు ముక్కలు దొరికినవి. వాటి అడుగున పళ్లచక్రంతో దిద్దినట్లు సన్నని చుక్కల వలయాలు ఉంటాయి. మన శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోను, గుంటూరు ప్రాంతపు అమరావతిలోను దొరికిన జాతి పాత్రలే అవి. ఆ అలంకరణపద్ధతి మధ్యధరా ప్రాంతానిది కనుక ఆ పాత్రలు అక్కడినుండే దిగుమతి అయి ఉండాలని వీలర్ భావించాడు. చాలాకాలం పాఠ్యగ్రంథాలు ఆ మాటనే చెప్పినవి. 1980 దశకంలో విమలా బెగ్లే ఆ త్రవ్వకాల ఆధారాలను పునఃపరిశీలించి, ఆ పాత్రలు చాలవరకు భారతదేశంలో తయారైనవేనని, అరికమేడులో జనావాసం వీలర్ చెప్పినదానికంటె ముందే మొదలయిందని వాదించింది. 1989 నుండి 1992 వరకు జరిగిన క్రొత్త త్రవ్వకాలు, మట్టి మీద జరిగిన రసాయనిక పరీక్షలు ఆ దారికే బలం చేకూర్చినవి.

దీనివల్ల వీలర్ పాండిత్యానికి లోటు రాదు. ఆయన చెప్పినది ‘వచ్చి ఉండాలి’ అని. ‘వచ్చినవి’ అని ఎత్తి వ్రాసుకున్నది తరువాతివారు. ‘మస్ట్ హ్యావ్’ అన్న రెండు మాటలు తమ వెనుక ఒక తలుపు తెరచి ఉంచుతాయి. మరొకరు వచ్చి మెరుగైన ఆధారం చూపితే వెనుకకు తగ్గడానికి ఆ తలుపు. ఆ తలుపును మూసివేసి చదివే పాఠకుడు మోసపోతాడు. విధిని చెప్పవలసిన చోట ఈ రూపాన్ని వాడే రచయిత ఇతరులను మోసగిస్తాడు.

మూడు ఇరుగుపొరుగు భాషలు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తమిళం, ఫ్రెంచి, తెలుగు మూడూ వినబడతాయి. అరియాంకుప్పం వీధులలో తమిళం, నగరపు పాత వీధుల పేర్లలో ఫ్రెంచి, గోదావరి తీరాన ఉన్న యానాంలో తెలుగు. ఈ మూడు భాషలను మన ప్రశ్న ముందు నిలబెడితే ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడుతుంది.

ఫ్రెంచిలో “ఇల్ ఆ ద్యూ పార్తీర్” అంటే ‘అతడు వెళ్లవలసి వచ్చింది’ అని గాని, ‘అతడు వెళ్లి ఉండాలి’ అని గాని అర్థం. రెండింటికీ ఒకే రూపం, సందర్భాన్నిబట్టి గ్రహించాలి. ‘వెళ్లి ఉండవలసింది’ అనడానికి మాత్రం వేరు రూపం ఉన్నది.

తమిళంలో చిక్కు మరొకచోట ఉన్నది. ‘వెళ్లవలసి వచ్చింది’ అనడానికి ‘పోగ వేండి వందదు’ అన్న స్పష్టమైన రూపం ఉన్నది. కాని ‘పోయిరుక్క వేండుమ్’ అంటే ‘వెళ్లి ఉండాలి’ అన్న ఊహ కావచ్చు, ‘వెళ్లి ఉండవలసింది’ అన్న ఆక్షేపణ కావచ్చు. అరియాంకుప్పం బాలుడు ‘మస్ట్ హ్యావ్’, ‘షుడ్ హ్యావ్’ల మధ్య తడబడితే ఆ తప్పుకు అతని మాతృభాషలో ఒక కారణం ఉన్నది.

మన తెలుగు సంగతి? ‘వెళ్లవలసి వచ్చింది’, ‘వెళ్లి ఉండాలి’, ‘వెళ్లి ఉండవలసింది’. మూడు అర్థాలు, మూడు విడివిడి రూపాలు. ఆంగ్లంలోని ‘హ్యాడ్ టు’, ‘మస్ట్ హ్యావ్’, ‘షుడ్ హ్యావ్’లకు ఒక్కొక్కటిగా సరిగా అతుకుతాయి. ఈ విషయంలో తెలుగువానికి ఆంగ్లం కష్టం కారాదు. కష్టమయిందంటే అతడు తన భాష ద్వారా కాక, పాఠశాల అంటగట్టిన ‘మస్ట్ అంటే తప్పక, షుడ్ అంటే వలెను’ అన్న పట్టికల ద్వారా ఆలోచిస్తున్నాడన్నమాట.

ఈ తెలుగు రూపాలన్నింటికీ తల్లి ‘వలయు’ అనే ధాతువు. చేయవలయును, చేయవలెను, చేయాలి అని అది కాలక్రమంలో కరిగివచ్చింది. ‘కావలయు, కోరబడు’ అని దాని భావం. ఐరోపా భాషలు మరొక దారిన వచ్చినవి. ఆంగ్లంలో ‘ఆట్’ అన్నది ‘ఓ’, అనగా బాకీపడు అన్న క్రియకు ఒకప్పటి భూతకాలరూపం. ‘షుడ్’కు మూలమైన ‘షల్’కు కూడా ప్రాచీనార్థం ఋణపడి ఉండడమే. ఫ్రెంచి ‘దెవ్వార్’ లాటిను భాషలోని ఋణవాచకం నుండి వచ్చింది. వారి దృష్టిలో చేయవలసిన పని తీర్చవలసిన అప్పు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మన పెద్దలు కర్తవ్యాలను లెక్కించినప్పుడు వారి భావనా అదే. ‘షుడ్ హ్యావ్’ అన్న మాటలో తీర్చక మిగిలిపోయిన బాకీ బరువు ఉన్నదని గుర్తుంచుకుంటే దానిని ఎవరూ అజాగ్రత్తగా వాడరు.

వ్రాసేముందు మూడు ప్రశ్నలు

గతాన్ని గూర్చి ఆంగ్లంలో వాక్యం వ్రాయబోయేముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

ఒకటి: నాకు తెలుసా, ఊహిస్తున్నానా? ఊహ అయితే ‘మస్ట్ హ్యావ్’. ‘చేసి ఉండడు’ అన్న వ్యతిరేకపు ఊహకు ‘కాంట్ హ్యావ్’. తెలిసిన సంగతి అయితే ఈ రెండింటి జోలికీ పోరాదు.

రెండు: పని చేయవలసిన అవసరం ఉండెనా? ఉంటే, ఆ పని జరిగిందా? అవసరం ఉండి జరిగితే ‘హ్యాడ్ టు’. అవసరం ఉండి జరగకపోతే ‘షుడ్ హ్యావ్’ లేదా ‘ఆట్ టు హ్యావ్’. ఈ రెండింటికీ అర్థంలో పెద్ద తేడా లేదు. ముందుగా చేసుకున్న ఏర్పాటు తప్పిపోతే ‘వాజ్ టు హ్యావ్’.

మూడు: అవసరం లేకపోతే, ఆ సంగతి ఎప్పుడు తెలిసింది? ముందే తెలిసి పని మానుకుంటే ‘డిడ్ నాట్ నీడ్ టు’ లేదా ‘డిడ్ నాట్ హ్యావ్ టు’. చేసిన తరువాత తెలిస్తే ‘నీడ్‌నాట్ హ్యావ్’.

చేయకూడని పని చేసినప్పుడు ‘షుడ్ నాట్ హ్యావ్’. తెలుగులో ‘చేయకుండా ఉండవలసింది’. ఇక్కడ ‘డిడ్ నాట్ హ్యావ్ టు’ వాడితే అర్థం తలక్రిందులవుతుంది. “యూ డిడ్ నాట్ హ్యావ్ టు సైన్” అంటే సంతకం అక్కరలేకపోయింది అని మాత్రమే. “యూ షుడ్ నాట్ హ్యావ్ సైన్‌డ్” అంటే సంతకం చేయడం తప్పు అని. మొదటిది సమాచారం, రెండవది ఆరోపణ.

మినహాయింపులు రెండు ఉన్నవి. ఒకరి మాటను అనువదించి చెప్పేటప్పుడు “హి సెడ్ దట్ హి మస్ట్ గో” అని ‘మస్ట్’ను యథాతథంగా ఉంచవచ్చు. వాక్యంలోని గతం ‘సెడ్’లోనే ఉన్నది గనుక ‘మస్ట్’ మారనక్కరలేదు. ఇక ఉద్యోగ ప్రకటనలలో “అభ్యర్థి పట్టపరీక్షలో ఉత్తీర్ణుడై ఉండాలి” అంటారు. దీనికి ఆంగ్లంలోనూ ‘మస్ట్ హ్యావ్ పాస్‌డ్’ అనే వ్రాస్తారు. ఇది ఊహ కాదు, ఈనాటి నిబంధన. దరఖాస్తు చేసేనాటికి ఆ అర్హత చేతిలో ఉండాలని భావం. తెలుగులోనూ ఆంగ్లంలోనూ ఒకే రూపం ఈ రెండు పనులనూ చేయడం గమనించదగినది.

మరొక హెచ్చరిక. ఆంగ్లం మాతృభాషగా గలవారు కూడా తొందరగా మాట్లాడినప్పుడు ‘షుడ్ హ్యావ్’ను ‘షుడవ్’ అని పలుకుతారు. ఆ ఉచ్చారణను నమ్మి ‘హ్యావ్’ స్థానంలో ‘ఆఫ్’ వ్రాసేవారు వారిలోనూ ఉన్నారు. అది తప్పు. అట్లే ‘మస్ట్ వెంట్’, ‘మస్ట్ హ్యాడ్ గాన్’ అన్న రూపాలు ఏ దేశపు ఆంగ్లంలోనూ అంగీకృతం కావు.

ఈ చిట్కాలన్నీ మరచిపోయినా ఒక్క అలవాటు నిలుపుకుంటే చాలు. ముందు వాక్యాన్ని తెలుగులో పూర్తిగా అనుకోండి. ‘వలసి వచ్చింది’ అని నోట వచ్చిందా, ‘ఉండాలి’ అని వచ్చిందా, ‘ఉండవలసింది’ అని వచ్చిందా వినండి. నిత్యవ్యవహారంలో అవి ‘చెయ్యాల్సొచ్చింది’, ‘చేసుండాలి’, ‘చేసుండాల్సింది’ అని కుదించుకుపోయినా వాటి భేదం చెడదు. చదువురాని వృద్ధురాలు కూడా వాటిని ఒకదానికి బదులు మరొకటి వాడదు. ఆమెకు తెలిసిన ఆ తేడాయే ఆంగ్లవ్యాకరణం పెద్ద పెద్ద అధ్యాయాలలో బోధించే తేడా. దానిని ఇంట్లోనే పెట్టుకుని బయట వెదకవలసిన పని మనకు లేదు.